మూడేళ్లు వాడిన బోటు పెట్రోలు ట్యాంకు: ట్యాంకు మంచిదే, మూతతోనే నా గొడవ

ఎర్ర ప్లాస్టిక్ ట్యాంకు, 24 లీటర్లు, పైపు, పైపు మధ్యలో ఇంజనుకి పెట్రోలు ఎక్కించడానికి పిసికే రబ్బరు బల్బు. బోటున్న వాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు కాబట్టి గేజి, కొలతలు అన్నీ వదిలేస్తున్నా. నేను రాసేదంతా దాని మూత గురించే. మూత గురించి ఇంత రాస్తాడా వీడు అనుకుంటారేమో, చీకట్లో నడిసంద్రంలో గంటన్నర కూర్చోబెట్టింది ఆ మూతేనబ్బా.

మాది నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర. ఫైబర్ బోటు, 9.9 హెచ్‌పీ ఇంజను, నేను, మా మామ, బామ్మర్ది ముగ్గురం వేటకి పోతాం. ఇది కొనకముందు మామ వాడింది పాత ఆయిల్ క్యాను, దాని మూతకి మేకు కాల్చి పొడిచిన బొక్క. ఇంజను పెట్రోలు పీల్చేకొద్దీ ఆ బొక్కలోంచి గాలి లోపలికి పోవాలి, అందుకు పెట్టింది. గాలే కాదు, వానొస్తే వాన నీళ్లు, అల కొడితే ఉప్పు నీళ్లు కూడా దాంట్లోంచే పొయ్యేవి. పైగా బోటంతా పెట్రోలు వాసన, బామ్మర్ది అయితే వల దించకముందే వాంతి చేసుకునేవాడు. ఇంకో రకం ఉంది, మూత మీద చిన్న గాలి స్క్రూ ఉంటది, ఇంజను వేసేటప్పుడు వదులు చెయ్యాలి, ఒడ్డుకొచ్చాక బిగించాలి. మా పక్క బోటు వాళ్లకి అదే ఉంది, వారానికోసారి వదులు చెయ్యడం మర్చిపోయి కేకలేసుకుంటా ఉంటారు.

నాది ఆ రెండూ కాదు. స్క్రూనే లేదు. లోపల పెట్రోలు తగ్గితే గాలి తనంతట తనే లోపలికి పోద్ది, ఆవిరిని మాత్రం బయటికి పోనీదు. మొదటి సంవత్సరం దీన్ని ఎంత పొగిడానంటే, కనపడిన వాళ్లందరికీ కొనమని చెప్పా. వాసన లేదు, నీళ్లు దిగవు, గుర్తు పెట్టుకోవాల్సిందేం లేదు. నా మాట మీద ఇద్దరు కొన్నారు కూడా, వాళ్లిప్పుడు నాతో కాస్త తక్కువ మాట్లాడతన్నారు.

రెండో ఏడు కార్తీకమాసంలో ఒక రోజు తెల్లారుజామున మూడింటికి బయల్దేరాం. ట్యాంకు నిండా పోశా. ఇరవై నిమిషాలు బ్రహ్మాండంగా పోయింది, తర్వాత రైజు దానంతటదే తగ్గిపోయి, గురక పెట్టినట్టు శబ్దం చేసి ఆగిపోయింది. తాడు లాగితే స్టార్టయింది, ఐదు నిమిషాలు పోయింది, మళ్లీ ఆగింది. ప్లగ్గు మార్చాం. ఫిల్టరు ఊడదీసి కడిగాం. పెట్రోల్లో నీళ్లేమో అని సీసాలో పట్టి టార్చేసి చూస్తే తేటగా ఉంది. విచిత్రమేందంటే స్లోలో పెడితే ఎంతసేపైనా ఆడతది, రైజు ఇచ్చామా చచ్చిపోద్ది. నాకు అప్పుడే తట్టాల్సింది, తట్టలా. బామ్మర్ది బల్బు పట్టుకుని "బావా, ఇది పిప్పి చేసిన నిమ్మకాయలాగా అయింది, పిసికితే మళ్లీ ఉబ్బడంలా" అన్నాడు. నేనేమో బల్బే పొయ్యుంటది, పైపు మారిస్తే సరిపోద్దిలే అన్నా, మారుద్దామంటే స్పేరు పైపు ఇంట్లో ఉంది.

ఆ నెలల్లో మా దగ్గర నీరు దక్షిణానికి లాగుద్ది, తెలిసిందే కదా. లంగరు అందేంత లోతులో లేము. కృష్ణపట్నం పోర్టు కోసం లంగరేసుకుని ఉండే పెద్ద షిప్పుల లైట్లు ముందు చుక్కల్లాగా కనపడ్డయ్యి, కాసేపటికి ఒక్కో షిప్పుకి ఎన్ని లైట్లున్నయ్యో లెక్కపెట్టేంత దగ్గరికొచ్చాయి. తెడ్డు వేస్తన్నాం గానీ ఏం లాభం. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని మామ ట్యాంకు మీద చెయ్యి వేసి తడిమి చూసి "దీని పొట్ట లోపలికి పొయ్యింది, మూత తియ్యరా అబ్బయా" అన్నాడు. మూత సగం తిప్పానో లేదో బుస్సుమని గాలి లోపలికి పోయిన శబ్దం, వెంటనే ట్యాంకు పక్క గోడ టప్‌మని బయటికొచ్చింది. బల్బు రెండుసార్లు పిసికి తాడు లాగితే ఒక్క లాగుకే ఇంజను.

ముదురు కొబ్బరికాయకి ఒక్క కన్నే పొడిచి వంచి చూడండి, నీళ్లు గుటుకు గుటుకుమని ఆగి ఆగి పడతాయి, రెండో కన్ను పొడిస్తే ధారగా వస్తాయి. జరిగింది అదే. ఇంజన్లో పెట్రోలు లాగే పంపంటే ఒక పల్చటి పొర, దానికున్న బలం తక్కువ. లోపలికి గాలి రాకపోతే పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో వాక్యూం పెరుగుద్ది, చివరికి పంపు లాగలేక వదిలేస్తది. స్లోలో తక్కువ పెట్రోలు చాలు కాబట్టి ఏదో సందులోంచి దూరే గాలితో నెట్టుకొస్తది. ట్యాంకు నిండా పోసిన రోజే ఎందుకు త్వరగా ఆగిందంటే పైన గాలికి చోటే తక్కువ, లీటరు తగ్గినా వాక్యూం గట్టిగా వస్తది. సగం ట్యాంకుతో పోయిన రోజుల్లో నాకు ఏ ఇబ్బందీ తెలీలేదు, అప్పటికే మూత పాడవడం మొదలైందేమో కూడా తెలీదు.

ఒడ్డుకొచ్చి మూత విప్పి చూస్తే గాలి పీల్చుకునే వాల్వు పెసరబద్దంత ఉంది, దాని చుట్టూ ఉప్పు గడ్డకట్టి, సన్న ఇసుక, ఒక చేప పొలుసు. మంచినీళ్లలో నానబెట్టి మెత్తటి బ్రష్షుతో రుద్ది ఆరబెట్టాక నోటితో పీల్చి చూస్తే గాలి ఆడింది (మీరు ఇట్టా చెయ్యమాకండి, రెండు రోజులు నోట్లో పెట్రోలే). కొన్న షాపుకి తీసుకుపోతే మూతకి ఇంజనుకి సంబంధమేందన్నా, ఇంజను చూపించుకో పో అన్నాడు. మూత విడిగా ఇవ్వమంటే ట్యాంకుతో పాటే వస్తదంట.

కాబట్టి "గుర్తు పెట్టుకోవాల్సిందేం లేదు" అని నేను చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నా. స్క్రూ తిప్పే పని పోయింది, పది రోజులకోసారి వాల్వు కడిగే పని వచ్చింది. స్క్రూ అయితే కనీసం కంటికి కనపడతది.

రెండో పొగడ్త, వాసన రాదన్నది. నిజమే రాదు, ఎందుకు రాదంటే అదంతా లోపలే కూర్చుంటది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లు ఆపేస్తాం కదా, పోయినేడు ఆ రెండు నెలలూ ట్యాంకులో ఏడెనిమిది లీటర్లు ఉండిపోయింది. మా నెల్లూరు ఎండ సంగతి కొత్తగా చెప్పాలా. నిషేధం అయిపోయే రోజు మధ్యాహ్నం బోటు సర్దుదామని చూస్తే ట్యాంకు గుమ్మడికాయలాగా ఉబ్బి, అడుగు కూడా గుండ్రమై నిలబడకుండా దొర్లతా ఉంది. బామ్మర్ది చూసుకోకుండా పైపు తగిలించాడు. బల్బు పిసకకుండానే రాయిలాగా బిగుసుకుంది, కార్బొరేటరు నిండి పెట్రోలు ఇంజను కింద కారతా ఉంది. పది అడుగుల దూరంలో మామ బీడీ ముట్టించబోతున్నాడు. నేను అరిచిన అరుపుకి బీడీతో పాటు అగ్గిపెట్టె కూడా ఇసకలో పారేశాడు.

మా అన్న కొడుకు ట్యాంకుతో వచ్చిన కాగితం చదివి చెప్పాడు, అమెరికాలో 2011 నుంచి ఇట్టాంటి ట్యాంకులు లోపల 5 పీఎస్ఐ (అంగుళం చదరానికి 5 పౌండ్లు) ప్రెషరు వచ్చినా ఆవిరి బయటికి వదలకూడదని రూలంట, గాలి పాడవకుండా. ఇది ఆ రూలుకి చేసిన మూత, అంటే ఉబ్బడం దాని జబ్బు కాదు, దాని పనే అంత. 5 అంటే బండి టైరు ముందు ఎంతలే అనుకున్నా, లెక్కేస్తే అడుగు చదరం గోడ మీద 720 పౌండ్లు, 320 కేజీల పైమాటే, అంటే నాలుగు వడ్ల బస్తాల బరువు. ఆ రూలు రాసినాయన మే నెలలో మైపాడు ఇసక మీద ఒక పూట నిలబడుంటే ఏమనేవాడో.

ఇప్పుడు నేను చేసేది ఇది. ట్యాంకు కింద దించి, మూతని కొంచెం కొంచెంగా వదులు చేసి ప్రెషరు పోయాకే పైపు తగిలిస్తా, బోట్లో మాత్రం తియ్యను, పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కాబట్టి బోటు అడుగున చేరుకుంటది. ఇంజను ఆపగానే పైపు ఊడదీస్తా. పెట్రోలు 21, 22 లీటర్లకి మించి పొయ్యను, ఇరవై డిగ్రీలు వేడి పెరిగితే నిండు ట్యాంకు పెట్రోలు అర లీటరు దాకా ఉబ్బుద్ది. పైన తడి గోతం కప్పుతా. ఇంజను లాగితేనే తెరుచుకునే డిమాండ్ వాల్వని ఒకటుంది, పైపులో వేసుకోవాలి, తెప్పించి రెండు నెలలైంది, ఒక ఎండాకాలం గడవకుండా దాని గురించి చెప్పను.

కొనొచ్చా అంటే, ప్లాస్టిక్ గట్టిది, మూడేళ్లలో చిన్న పగులు కూడా లేదు, నీళ్లు ఒక్క చుక్క దిగలా. బోటు షెడ్డులో పెట్టుకునే వాళ్లకి, కాలవలో తిరిగే వాళ్లకి నాకొచ్చిన బాధలు రాకపోవచ్చు. నాలాగా ఇసక మీదకి లాగి ఎండలో వదిలేసే వాళ్లయితే స్క్రూ మూతదే తీసుకోండి అనాలనిపిస్తది, కానీ మా బామ్మర్ది మతిమరుపు చూస్తే అదీ గట్టిగా అనలేను. మామ అయితే మేకు బొక్క క్యాను పారెయ్యనియ్యలా, స్పేరుగా ఐదు లీటర్లు పోసి, బొక్కకి వేపపుల్ల దిగ్గొట్టి, బోటు ముందు భాగంలో పెట్టుకునే వస్తన్నాడు.