రొయ్యల చెరువు ఏరేటరా, బ్లోయరా? మన నేలలో ఏది మేలు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ షెడ్ల వాళ్లు ఈటీపీ (వాడిన నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు) కట్టే ముందు నన్ను అడిగేది ఒకటే. "చెరువు నీళ్లు చిమ్మే పేడిల్ వీల్ ఏరేటర్లు గొడౌన్లో ఊరికే పడున్నాయి కదండీ, అవే ట్యాంకులో దింపేస్తే సరిపోదా?"

సరిపోదండీ. చెరువులో నీళ్లు నాలుగైదు అడుగులు, ఈటీపీలో గాలి కలిపే ఏరేషన్ ట్యాంకులో పన్నెండు, పదిహేను. పైగా ట్యాంకులో ఆక్సిజన్ ఒక్కటే చాలదు, స్లడ్జ్ (మురికిని తినే సూక్ష్మజీవుల బురద) అడుగుకి దిగకుండా నీళ్లంతా కలిసి తిరుగుతుండాలి. చక్రం పైన ఎంత చిమ్మినా కింద స్లడ్జ్ పేరుకుని నల్లబడి కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. మీటరు పైపైన ముంచితే డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) 2 చూపిస్తుంది. అడుగున సున్నా.

కాబట్టి అసలు పోటీ నీళ్లని పైన చిలికే పెద్ద సర్ఫేస్ ఏరేటర్‌కీ, బ్లోయరు పంపే గాలిని అడుగు నుంచి సన్న బుడగలుగా వదిలే ఫైన్ బబుల్ డిఫ్యూజర్లకీ. ప్లాంటు కరెంటులో దాదాపు సగం నీళ్లలో గాలి కలపడానికే పోతుంది, అందుకే అందరూ ముందు బిల్లు లెక్కలేస్తారు. మంచినీళ్లలో పరీక్షిస్తే ఒక యూనిట్‌కి డిఫ్యూజర్లు దాదాపు రెట్టింపు ఆక్సిజన్ కరిగిస్తాయి. బ్రోచర్లో వేసేది ఈ లెక్కే. రొయ్యలు కడిగిన నీళ్లలో మాంసకృత్తులు, జిడ్డు, నురగ ఉంటాయి. వాటి వల్ల చిన్న బుడగ నుంచి ఆక్సిజన్ దిగే వేగం సగానికి పడిపోవచ్చు. సర్ఫేస్ ఏరేటర్‌కి ఆ దెబ్బ తక్కువ. అలా తేడా తగ్గినా డిఫ్యూజర్‌దే పైచేయి.

నన్నడిగితే గోదావరి డెల్టాలో తేల్చాల్సింది బిల్లు కాదు, రిపేరు. డిఫ్యూజర్ పొర రబ్బరు. కొన్నేళ్లకి బిగుసుకుపోతుంది, లేదా చిరుగుతుంది. అడుగున బిగించేసినవైతే మార్చడానికి ట్యాంకు తోడెయ్యాలి. మెట్టలో పర్లేదు. మన దగ్గర వానాకాలంలో రెండు మూడడుగులు తవ్వితే ఊట. నీళ్లున్నంత సేపూ ఆ బరువే ట్యాంకుని అదిమి పెడుతుంది, ఖాళీ చేస్తే ఊట దాన్ని పడవలా పైకి లేపుతుంది. ఒక షెడ్డులో శ్రావణమాసంలో తోడేశారు. తెల్లారేసరికి ఒక మూల జానెడు లేచి గోడ బీటేసింది, పైపులు విరిగాయి. మార్చాల్సిన రబ్బరు ఖర్చు ఆ నష్టం ముందు ఎంతండీ!

అందుకే నా ఓటు పైకి లాగి తీసుకోగలిగే డిఫ్యూజర్లకి. ఖరీదు ఎక్కువే. కానీ ఒక్కో వరసని చైన్ బ్లాక్‌తో లేపి, మిగతావి నడుస్తుండగానే రబ్బరు మార్చుకోవచ్చు. స్టాండ్‌బై బ్లోయరు మాత్రం మానొద్దు. ఇప్పటికే అడుగున బిగించేసిన వాళ్లు కాలవలు కట్టేసిన ఎండాకాలంలో, పక్క బావిలో నీటిమట్టం చూసుకుని, అప్పుడు తోడండి.

సర్ఫేస్ ఏరేటర్ పనికిరాదని కాదు. ట్యాంకు లోతు మూడు మీటర్ల లోపైతే, ఏరేటర్ నీటి మీద తేలే రకమైతే, గట్టుకి లాక్కుని బాగుచేసుకోవచ్చు. తుంపర మాత్రం పక్కింటి మీదికీ వెళ్తుంది, వాసనతో సహా. నరసాపురం వైపు ఉప్పుగాలికి మోటారు బాడీ తుప్పు పడుతుంది కూడా.

ఎస్‌బీఆర్ (ఒకే ట్యాంకులో విడతలుగా శుద్ధి చేసే పద్ధతి) గురించి అడిగేవాళ్లకి: అందులోనూ మామూలుగా ఇవే బ్లోయర్లు, ఇవే డిఫ్యూజర్లు. రిపేరు గొడవ మారదు.

ఇక గొడౌన్లో పేడిల్ వీల్స్ అంటారా, శుద్ధయిన నీళ్లు నిలవుంచే లోతు తక్కువ గుంట ఉంటే అందులో వేసుకోండి. అక్కడ బాగానే తిరుగుతాయి.