మోగని కంచు: న్యూహోప్‌లో పాల్ ఎవాన్స్ బీరువాల వేట

పెన్సిల్వేనియాలోని న్యూహోప్‌కి, లోహపు పనితో పేరుపడ్డ అమెరికన్ డిజైనర్ పాల్ ఎవాన్స్ ఫర్నిచర్ కోసం వెళ్లేవాళ్లు జేబులో చిన్న అయస్కాంతం, ఒక టార్చి పెట్టుకుని వెళ్లండి. మాకు 5,200 డాలర్లు మిగిలింది ఆ టార్చి పుణ్యమే.

న్యూజెర్సీలోని మా ఎడిసన్ నుంచి కారులో గంటలోపే లాంబర్ట్‌విల్, అదీ న్యూజెర్సీయే. డెలావేర్ నదికి అవతలి ఒడ్డు న్యూహోప్. పాత ఇనుప వంతెనకి టోల్ లేదు, నడిచి దాటొచ్చు. శనివారం న్యూహోప్‌లో పార్కింగ్ కోసం తిరగడం దండగ, కారు లాంబర్ట్‌విల్‌లోనే వదిలేయండి. బస ఒక పాత సత్రంలాంటి ఇన్‌లో: రాత్రికి 214 డాలర్లు, పన్ను అదనం. గది బాగుంది, మెట్లు నిటారుగా ఉన్నాయి, పెద్దవాళ్లతో వెళ్లకండి.

ఇక అసలు గొడవ. ఊరి బయట హైవే పక్కన ఒక పాతసామాన్ల కొట్టు. లోపల గరుకు గరుకుగా, కరిగి గడ్డకట్టినట్టున్న ఒక చిన్న బల్ల. చీటీ మీద ‘పాల్ ఎవాన్స్, సాలిడ్ బ్రాంజ్, 1971, 6,800 డాలర్లు’. ఆ చీటీలోనే తప్పుంది. 1964 నుంచి ఎవాన్స్ డైరెక్షనల్ అనే కంపెనీకి ఫర్నిచర్ చేసిచ్చాడు. అందులో ‘స్కల్ప్టెడ్ బ్రాంజ్’ అనే రకం పోతపోసిన కంచు కాదు. ప్లైవుడ్ మీద ఎపాక్సీ రెజిన్ (గట్టిపడే జిగురులాంటిది) పట్టించి, చేత్తో ఆకారాలు మలిచి, పైన కంచుపొడి స్ప్రే చేసినవి. వేలి కణుపుతో కొడితే కంచులా ఖంగుమనదు, టప్ మంటుంది. మూలలు దెబ్బతింటే లోపలి రెజిన్ కనిపిస్తుంది. అది మోసమేమీ కాదు, ఆ వస్తువు తయారీయే అంత. మరి దాన్ని ‘సాలిడ్’ అని అమ్మేవాడికి వస్తువు తెలియకపోయి ఉండాలి, లేదా మనకి తెలియదని అనుకుని ఉండాలి.

బల్ల వంచి చూపించమంటే కొట్టాయన మొహం మాడ్చుకున్నాడు. టార్చి వేస్తే అడుగున ‘పీఈ 71’ అని ఉంది. అక్షరాల అంచులు పెచ్చులు రేగి, గీతల్లో తెల్లటి కొత్త పొడి. యాభై ఏళ్ల గీతలో మురికి ఉండాలి కదా! అడిగితే ధర 5,200కి దిగింది, ఆ తర్వాత ‘ఎవాన్స్ తరహా’ అయింది. బిల్లులో ఆ ‘తరహా’ అన్న మాట పడితే అది ఎవాన్స్‌ది కాదనే అర్థం. ఆకలితో ఉన్న మా బావ “పోనీ తీసుకుందాం, ఇంట్లో చింతపండు పెట్టి తోమితే మెరుస్తుంది” అన్నాడు. సరిగ్గా అదే చేయకూడదు. పులుపు, ఇత్తడి పాలిష్ రెండూ పైనున్న రంగుని తినేస్తాయి. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు.

‘స్కల్ప్చర్ ఫ్రంట్’ బీరువాల సంగతి వేరు. తలుపంతా గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో ఆకారం, ఉక్కుతో వెల్డింగ్ చేసినవి. రంగులు, అక్కడక్కడ బంగారు రేకు. వీటికి అయస్కాంతం గట్టిగా పట్టుకుంటుంది. పట్టకపోతే అనుమానించండి. ఎవాన్స్‌దే ‘అర్జెంటే’ (Argente) అనే ఇంకో రకానికి మాత్రం పట్టదు, అది అల్యూమినియం. కొన్నిటి మీద సంతకం వెల్డింగ్ పూసతో రాసి ఉంటుంది. సంతకం లేని అసలువీ ఉన్నాయి, కాబట్టి సంతకం ఒక్కటే నమ్ముకోవద్దు. తలుపు తెరిచి మడతబందుల దగ్గర చూడండి: ఉక్కు బరువుకి తలుపు కిందికి వాలి, అడుగంచు ఒరుసుకుని ఉంటే బాగుచేయడం ఖరీదైన పని. పైన పలకరాయి ఉంటే ముందు దాన్ని దింపి, నిలబెట్టి మోయాలి. పడుకోబెట్టి మోస్తే మధ్యలో విరుగుతుంది. ఎడిసన్ దాకా వ్యాను, ఇద్దరు మనుషులు: 480 డాలర్లు అడిగారు.

లాంబర్ట్‌విల్‌లో రాగో వేలం సంస్థ ఉంది. కొనేది లేకపోయినా వేలానికి ముందు ప్రివ్యూ రోజుల్లో వెళ్లండి, వస్తువు వెనక భాగం చూడటం నేర్చుకోవడానికి అంతకు మించిన చోటు లేదు. పాట పాడేముందు కొనుగోలుదారు కమిషను కలుపుకుని లెక్కవేసుకోండి. డాయిల్స్‌టౌన్‌లోని మిచెనర్ మ్యూజియం 2014లో ఎవాన్స్ మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. ఇప్పుడు ఏవి బయట పెట్టారో ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి.

మనవాళ్లు తప్పక చూడాల్సింది మాత్రం న్యూహోప్‌లోనే ఉన్న జార్జ్ నకషిమా కర్రపని కార్యశాల. ఈయన 1930ల చివర్లో పాండిచ్చేరి అరవిందాశ్రమంలో ‘గోల్కొండ’ అనే వసతిగృహం కట్టించే పనిలో ఉన్నాడు. దానికి డబ్బు హైదరాబాదు దివాను అక్బర్ హైదరీ ద్వారా నిజాం ఇచ్చింది, పేరు మన గోల్కొండది. ఈ సంగతి చెప్పాక బావ మొహంలో ఆకలి పోయింది. అక్కడి బల్లని అరచేత్తో నిమిరి “దీనికి అయస్కాంతం అక్కర్లేదులే” అన్నాడు.