స్టుకానా, ఫోకె-వుల్ఫా? రూడెల్ లెక్కలు చూసి మోసపోకండి

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ పైలట్ హాన్స్-ఉల్రిష్ రూడెల్ పేరెత్తితే అందరూ ముందు చెప్పేది స్టుకా అనే బాంబర్ విమానం గురించే. 2,530 దాడులు, 519 ట్యాంకులు (ఇవి జర్మన్లు తమ ఖాతాలో తామే రాసుకున్న లెక్కలు, అది మర్చిపోవద్దు). అంతటోడు దాన్నే నడిపాడంటే అదే మేలైన విమానం అయ్యుండాలి కదా అని వాదిస్తారు. ఆ దాడుల్లో సుమారు 430 ఫోకె-వుల్ఫ్ 190 అనే జర్మన్ ఫైటర్ విమానంలో చేసినవేనన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

1941 సెప్టెంబర్ 23న క్రోన్‌స్టాడ్ రేవులో మరాత్ అనే సోవియట్ యుద్ధనౌకను 1,000 కిలోల బాంబుతో ముంచినప్పుడు స్టుకా తన అసలు పనే చేసింది, నిట్టనిలువుగా కిందికి దూకి బాంబు వదలడం. ట్యాంకుల కోసం తర్వాత వచ్చిన జీ రకం స్టుకా కథ వేరు. కిందికి దూకేటప్పుడు వేగాన్ని అదుపు చేసే డైవ్ బ్రేకులు తీసేసి, రెక్కల కింద రెండు 37 ఎం.ఎం. ఫిరంగులు వేలాడదీశారు. ఒక్కోదానికి 12 గుండ్లు, అంతే! అందుకే బాగా కిందికి దిగి, ట్యాంకు వెనక ఇంజిన్ దగ్గర కవచం పల్చగా ఉన్నచోట, దగ్గర్నుంచి ఆచితూచి కొట్టాలి. ఆ పనికి స్టుకా నిదానమే కలిసొచ్చింది, గురి చూసుకోవడానికి టైం దొరికేది.

కానీ ఆ నిదానమే ప్రాణం మీదికీ తెచ్చేది. గంటకు 400 కిలోమీటర్లు కూడా అందుకోలేని బండి, ఎదురుగా 600 దాటే సోవియట్ లావోచ్కిన్ ఫైటర్లు, పక్కన కాపలా విమానాలు లేకపోతే పని అయిపోయినట్టే. పైగా స్టుకా ఇంజిన్‌ది ద్రవంతో చల్లబడే పద్ధతి, రేడియేటర్‌కి ఒక్క తూటా తగిలితే కాసేపట్లో ఇంజిన్ ఆగిపోతుంది. రూడెల్‌నే నేల మీది తుపాకులు దాదాపు 30 సార్లు దించాయి.

ఫోకె-వుల్ఫ్ ఇంజిన్ గాలితో చల్లబడుతుంది, ఓ సిలిండర్ పోయినా ఇల్లు చేరే ఛాన్స్ ఉంటుంది. బాంబు వదిలాక అదే ఫైటర్, తిరగబడొచ్చు లేదా పారిపోవచ్చు. లోపం లేదని కాదు, కదిలే ట్యాంకు మీద బాంబు సరిగ్గా పడటం చాలా కష్టం.

నాకు తేల్చుకోవడం కష్టమైంది స్టుకాలో గన్నర్ కూర్చునే వెనక సీటు దగ్గర. 1945 ఫిబ్రవరి 8న 40 ఎం.ఎం. గుండు రూడెల్ కుడికాలును చిదిమేసింది. ఆ రోజు వెనక కూర్చున్న గన్నర్ ఎర్నస్ట్ గాడెర్మన్ డాక్టర్ కూడా కాబట్టి, కూలిన విమానంలోంచి లాగి రక్తం ఆపి బతికించాడు. ఒంటి సీటు ఫోకె-వుల్ఫ్‌లో అయితే అక్కడికక్కడే సరి. అలాగని ఆ వెనక సీటు అందరికీ అచ్చిరాలేదు. 1944 మార్చిలో కూలిన తోటివాళ్లను ఎక్కించుకుందామని దిగితే చక్రాలు బురదలో కూరుకుపోయాయి, నీస్టర్ నదిని ఈదాల్సొచ్చింది, అప్పటి గన్నర్ హెంట్షెల్ మునిగి చనిపోయాడు.

నన్నడిగితే, ట్యాంకులు కొట్టడానికే, అదీ రూడెల్ లాంటి చెయ్యి ఉంటేనే స్టుకా. చివరిదాకా నాజీగానే మిగిలిన మనిషి అతను, అభిమానం సంగతి పక్కన పెట్టండి, ఆ నేర్పు మాత్రం నిజం. కొత్తగా వచ్చిన ఇరవయ్యేళ్ల కుర్రాడికైతే కళ్లు మూసుకుని ఫోకె-వుల్ఫే ఇస్తాను. 1945 మే 8న రూడెల్ అమెరికన్లకు లొంగిపోవడానికి జర్మనీలోని కిట్జింగెన్‌లో దిగినప్పుడు అతని గుంపులో మూడు స్టుకాలు, నాలుగు ఫోకె-వుల్ఫ్‌లు ఉన్నాయి.