మూడేళ్ళ తరువాత: నికోటిన్ గమ్, పెట్టె మీది ఫోను నంబరు

నేను సిగరెట్లు మానేసి ఈ నెలతో మూడేళ్ళు. అంతకుముందు ఇరవై రెండేళ్ళు కాల్చాను. రోజుకు పన్నెండు, మొదటిది నిద్ర లేచిన పది నిమిషాలకే. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. టిక్కీల (మిర్చి బస్తాల) ఘాటుకు దగ్గుతూ కూడా కాల్చినవాణ్ణి. మానడానికి నాకు పనికొచ్చినవి రెండు: నికోటిన్ చూయింగ్ గమ్, సిగరెట్ పెట్టె మీద అచ్చు వేసే 1800-11-2356 నంబరు, అంటే పొగాకు మానేవాళ్ళకు సాయం చేసే ప్రభుత్వ ఫోను సేవ.

ముందు గమ్ సంగతి. మొదటిసారి అది నా దగ్గర ఘోరంగా విఫలమైంది. మందుల షాపులో 2 మిల్లీగ్రాములది అడిగితే ఇచ్చారు, ఎలా వాడాలో ఎవరూ చెప్పలేదు. మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలాను. గొంతులో మంట, ఎక్కిళ్ళు, కడుపులో తిప్పు. యావ మాత్రం అలాగే ఉంది. తొమ్మిదో రోజున మళ్ళీ కిళ్ళీ కొట్టుకు వెళ్ళాను.

తప్పు ఎక్కడ జరిగిందో తరువాత ఒక డాక్టరు గారు వివరంగా చెప్పారు. ఈ గమ్‌లోని నికోటిన్ చెంప లోపలి పొర గుండా ఒంట్లోకి వెళ్ళాలి. మింగేసిన రసం వల్ల మంటే తప్ప ఫలితం పెద్దగా ఉండదు. కాబట్టి మెల్లగా నాలుగైదు సార్లు నమిలి, నోట్లో చురుక్కుమనగానే చెంపకూ చిగురుకూ మధ్య దాచుకోవాలి. చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. ఇలా ఒక్కో ముక్క అరగంట వస్తుంది. నమిలేముందు పావుగంట నుంచీ, నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, పుల్లటి పళ్ళరసాలు ముట్టకూడదు. నోట్లో పులుపు చేరితే నికోటిన్ సరిగా ఎక్కదు. యార్డు మనిషికి టీ ఆపడం ఎంత కష్టమో వేరే చెప్పాలా!

ఇంకొకటి. లేచిన అరగంటలోపే కాల్చేవాళ్ళకు సాధారణంగా 4 మిల్లీగ్రాములది కావాలట. దానికి డాక్టరు చీటీ ఉండాలి. సిగరెట్టు పొగ క్షణాల్లో మెదడుకు చేరుతుంది, గమ్‌కు ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. అందుకే ప్రాణం లాగిన తరువాత కాదు, లాగకముందే గంటకో రెండు గంటలకో ఒకటి వేసుకోవాలి. ఈ ఒక్క మాట మొదటే తెలిసి ఉంటే నాకు ఒక ఏడాది మిగిలేది.

మొదటి ఆరు వారాల తరువాత మెల్లగా తగ్గిస్తూ పన్నెండు వారాలకు ఆపాలన్నారు. నాకు పదహారు పట్టింది. దవడలు నొప్పి పుట్టాయి. మొదటి నెలలో మలబద్ధకం, చిరాకు, నాలుగు కిలోల బరువు. దగ్గు తగ్గడానికి బదులు కొన్ని వారాలు ఎక్కువైంది. ఊపిరితిత్తులు తమను తాము శుభ్రం చేసుకుంటున్నాయని డాక్టరు గారు చెప్పకపోతే భయపడి మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణే. మొదటి నెల గమ్ ఖర్చు సిగరెట్ల ఖర్చుకన్నా కొంచెమే తక్కువ. ఆ తరువాత అంతా మిగులే.

ఇక ఫోను. 2018 సెప్టెంబరు నుంచి ఆ నంబరు ప్రతి పెట్టె మీదా ఉంటోంది. ఎన్నో వందల పెట్టెలు చింపాను, ఒక్కసారీ చేయలేదు. చేశాక తెలుగులో మాట్లాడే ఒక అమ్మాయి పలికింది. ఉపదేశం ఏమీ చేయలేదు. ఏ పూట, ఎక్కడ, ఎవరితో ఉన్నప్పుడు కాలుస్తారని పన్నెండు సిగరెట్లకూ విడివిడిగా అడిగింది. వాటిలో అయిదు టీ కొట్టు దగ్గరే అని నాకు అప్పుడే తెలిసింది. ఒక తేదీ పెట్టుకోమంది. యార్డుకు వేసవి సెలవులు మొదలయ్యే రోజు పెట్టుకున్నాను. తేదీ తరువాత వాళ్ళే ఫోను చేశారు, మళ్ళీ మళ్ళీ చేశారు. అంతా ఉచితం. ఖైనీ, గుట్కా మానాలనుకునేవాళ్ళకూ ఇదే నంబరు.

ఆమె సలహాతోనే టీ కొట్టు పెద్దాయనకు చెప్పాను: "బాబాయ్, ఇకనుంచి నేను అడిగినా సిగరెట్టు ఇవ్వవద్దు." అయిదో నెలలో, సరుకు దాచుకునే ఒక ఖాతాదారుతో గొడవపడిన రోజున, నిజంగానే అడిగాను. "నువ్వే వద్దన్నావు కదా అబ్బాయ్" అని ఆయన అల్లం టీ చేతిలో పెట్టాడు. అమ్ముకునే మనిషి అమ్మకం వదులుకుని నన్ను కాపాడాడు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

పద్నాలుగో నెలలో నాన్నగారు పోయారు. శ్మశానం బయట ఎవరో పెట్టె చాపితే ఒకటి వెలిగించాను. ఆ రాత్రి మా ఆవిడకు చెప్పుకుని ఏడ్చాను. "ఒక్కటే కదండీ, రెండోది లేదుగా" అంది. మర్నాడు మళ్ళీ ఆ నంబరుకే ఫోను చేశాను, పది రోజులు గమ్ వాడాను. జారడం వేరు, పడిపోవడం వేరని నాకు అర్థమైంది అప్పుడే.

గమ్ అందరికీ సరిపోదు. దవడ జబ్బులున్నవాళ్ళు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. గమ్ పడనివాళ్ళకు చర్మానికి అంటించుకునే ప్యాచ్‌లు, డాక్టరు రాసే మాత్రలు ఉన్నాయి. గమ్ ఒక్కటే కొనుక్కుని ఎవరికీ చెప్పకుండా మానాలనుకునేవాళ్ళకు మాత్రం నేను దీన్ని సిఫారసు చేయలేను. మొదటిసారి నేను చేసింది అదే.

మా కాటా దగ్గర పనిచేసే తమ్ముడికి ఈరోజు తొమ్మిదో రోజు. రాత్రి భోజనమయ్యాక అతనికి ప్రాణం లాగుతుంది. ఆ సమయానికి నేను ఫోను చేస్తున్నాను.