వీపు మీది పేరు: రన్నింగ్ మ్యాన్‌కి వచ్చినవాళ్ళు, వెళ్ళినవాళ్ళు

తెనాలిలో మాది డీటీపీ షాపు. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, పెద్దకర్మ కార్డులు, ఫ్లెక్సీలు... పొద్దుట్నుంచి రాత్రి తొమ్మిదిదాకా జనం పేర్లు కొట్టడమే నా పని. ఒకరి పేరు పైకి జరపాలి, ఇంకొకరిది కిందికి దించాలి. ప్రూఫ్ అయిపోయాక ఫలానా బాబాయి పేరు మర్చిపోయామంటూ పరుగెత్తుకొస్తారు. 2013లో మా తమ్ముడు హాస్టల్ నుంచి సెలవులకి వచ్చినప్పుడు రన్నింగ్ మ్యాన్ అనే కొరియన్ ఆటల షో పెట్టి చూపించాడు. షట్టర్ సగం దించి, షాపు కంప్యూటర్‌లోనే చూశాం. ముందు నా కన్ను పడింది వాళ్ళ వీపుల మీది పేర్ల మీద. వెడల్పాటి చీటీ, దాని మీద పెద్ద పెద్ద కొరియన్ అక్షరాలు, వెనకాల వెల్‌క్రో. ఎవరైనా వెనకనుంచి వచ్చి అంచు పట్టి లాగితే చర్రుమంటూ ఊడొస్తుంది. పేరు పోతే ఆటలోంచి అవుట్. మొదటిసారి ఆ చప్పుడు విన్నప్పుడు ఇద్దరం ఒకేసారి అరిచాం.

అప్పట్నుంచి వదలకుండా చూస్తున్నాను. ఆటలు బాగుంటాయని, గెస్టులు బాగుంటారని ఈ షో గురించి చాలామంది రాశారు. నేను రాయాలనుకున్నది, ఇన్నేళ్ళలో మనుషులు మారిన ప్రతిసారీ ఈ షో ఎలా నడుచుకుందన్నది. ఏళ్ళ తరబడి వారం వారం చూసే కార్యక్రమం మంచిచెడ్డలు తేలేది అక్కడే అని నా నమ్మకం.

అసలు తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. దక్షిణ కొరియాలో ఎస్‌బీఎస్ ఛానల్లో 2010 జూలై 11న, ఆదివారం మొదలైంది. మొదటి ఎపిసోడ్ సియోల్‌లోని టైమ్స్ స్క్వేర్ మాల్‌లో, జనం లేని వేళ తీశారు. మొదట్లో ఉన్నవాళ్ళు ఏడుగురు: యూ జేసుక్, జీ సుక్‌జిన్, కిమ్ జాంగ్‌కుక్, గేరీ, హాహా, లీ క్వాంగ్‌సూ, సాంగ్ జూంగ్‌కీ. సాంగ్ జిహ్యో గెస్టుగా వచ్చి, కొన్ని వారాలకే ఇంటిమనిషి అయింది. ఆ ఏడాది చివర్లో లిజీ అనే గాయని చేరింది కానీ ఎక్కువ రోజులు ఉండలేదు. 41వ ఎపిసోడ్‌తో, అంటే 2011లో, జూంగ్‌కీ నటన మీద దృష్టి పెట్టడానికి వెళ్ళిపోయాడు. అప్పటికి ఇంకా షో కాళ్ళు నిలదొక్కుకుంటోంది కాబట్టి ఆ లోటు పెద్దగా తెలియలేదు. తర్వాత జిహ్యోతో కలిపి ఐదేళ్ళకు పైగా అదే ఏడుగురు. మనకి ఈ షో అంటే గుర్తొచ్చే బంగారుకాలం అదే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇది తెలుగువాళ్ళకి చప్పున అర్థమవుతుంది. కొరియాలో కొత్త మనిషి కనపడగానే ముందు వయసు తేల్చుకుంటారు. ఎవరు ఎవరికి అన్న, ఎవరు ఎవరికి అక్క అని. మగవాడు అన్నని ‘హ్యాంగ్’ అంటాడు, ఆడపిల్ల అదే మనిషిని ‘ఒప్పా’ అంటుంది. అక్కని మగవాడు ‘నూనా’ అంటే ఆడపిల్ల ‘అన్నీ’ అంటుంది. పేరు పెట్టి పిలవడం మర్యాద కాదు. నేను చూసే సబ్‌టైటిల్స్‌లో ఇవన్నీ తీసేసి ఉత్త పేర్లు వేస్తారు. సుక్‌జిన్‌ని ‘అన్నా’ అని పిలుస్తుంటే కింద ‘సుక్‌జిన్’ అని పడుతుంది. మన శుభలేఖలో ‘మా బావగారు’ అన్న మాట తీసేసి పేరొక్కటే వేస్తే ఎంత వెలితిగా ఉంటుందో అంత వెలితి. చెవులు రిక్కించి ఆ పిలుపులు పట్టుకుంటే గానీ ఈ షో అసలు రుచి తెలియదు. మనుషులు మారితే మారేవి ముందుగా ఆ పిలుపులే.

క్వాంగ్‌సూ సంగతి చూడండి. అతనూ జూంగ్‌కీ ఇద్దరూ 1985లో పుట్టినవాళ్ళే. జూంగ్‌కీ వెళ్ళాక ఆరేళ్ళపాటు క్వాంగ్‌సూని అన్నా అని పిలిచేవాళ్ళు ఆ గుంపులో ఒక్కరూ లేరు. అందరూ పెద్దవాళ్ళే. సుక్‌జిన్ 1966లో పుట్టాడు, జేసుక్ 1972లో, జాంగ్‌కుక్ 1976లో. అందరికంటే చిన్నవాడు, అందరికంటే పొడుగు, 190 సెంటీమీటర్లు. జిరాఫీ అని పేరు. మోసం చేసేదీ అతనే, మోసపోయేదీ అతనే. చేతుల్లో ఏదున్నా జారిపోతుంది, చీటీ తీస్తే అన్నిట్లోకీ చెడ్డదే వస్తుంది. చిన్నవాడు కాబట్టే ఆ అల్లరి అంతా చెల్లింది.

2016 చివర్లో గేరీ వెళ్ళాడు. సంగీతం మీద దృష్టి పెడతానన్నాడు. జిహ్యోతో అతనికి ‘మండే కపుల్’ అని పేరు, షూటింగ్ సోమవారాలు జరిగేది కాబట్టి. ఏ ఆటా పట్టనట్టు ఒక మూల నిలబడి, ఉన్నట్టుండి అందరి పేర్లూ లాగేసేవాడు. అతని చివరి ఎపిసోడ్ మా తమ్ముడితో కలిసి చూశాను. వాడు అప్పటికి ఉద్యోగం వచ్చి బయల్దేరబోతున్నాడు. మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

దాని తర్వాత వచ్చిన డిసెంబరే ఈ షో చరిత్రలో నేను క్షమించలేనిది. ఒకప్పుడు రెండంకెల్లో ఉన్న రేటింగ్ బాగా పడిపోయింది. దాన్ని లేపాలని షోని మార్చబోయారు. కాంగ్ హోడాంగ్ అనే పెద్ద హోస్టుని తెస్తున్నామని, కిమ్ జాంగ్‌కుక్, సాంగ్ జిహ్యో ఇద్దరూ వెళ్ళిపోతున్నారని వార్త బయటికొచ్చింది. ఆరేళ్ళకు పైగా వారం వారం పరుగెత్తిన ఆ ఇద్దరికీ ముందుగా సరైన కబురు చేయలేదని తేలింది. కొరియాలో జనం మండిపడ్డారు. ఒక్క రోజులోనే హోడాంగ్ తప్పుకున్నాడు. ఛానల్ క్షమాపణ చెప్పింది. అందరూ కూర్చుని మాట్లాడుకుని, 2017 ఫిబ్రవరితో షోనే ముగించేద్దామని ప్రకటించారు. ఇద్దరిని తీసేసి మిగిలినవాళ్ళు నడుపుకోవచ్చు కదా. అలా చేయలేదు. ఆపితే అందరం ఆపుదాం అన్నట్టు నిలబడ్డారు. ఆ ఒక్క పనికి ఆ ఆరుగురి మీద నాకు గౌరవం పెరిగింది. జనవరిలో ఆ నిర్ణయం మార్చి, ఆరుగురితోనే కొనసాగిస్తామన్నారు. వెళ్ళిపొమ్మన్న ఆ జాంగ్‌కుక్కే 2020లో ఎస్‌బీఎస్ వినోద పురస్కారాల్లో అన్నిటికంటే పెద్దదైన ‘దేసాంగ్’ అందుకున్నాడు. అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

2017 ఏప్రిల్‌లో జాన్ సోమిన్, యాంగ్ సేచాన్ చేరారు. నన్నడిగితే ఈ షో చేసిన మార్పులన్నిట్లో ఉత్తమమైనది ఇదే. అంత గొడవ జరిగిన ఇంట్లోకి అడుగుపెట్టడం తేలిక కాదు. సేచాన్ కమెడియన్, అక్కడ కొందరికి ముందే తెలిసినవాడు. సోమిన్ నటి. ఇద్దరూ 1986లో పుట్టినవాళ్ళు, కాబట్టి ఒకరికొకరు స్నేహితులు. ఒక్కసారిగా క్వాంగ్‌సూకి ఒక తమ్ముడు, ఒక చెల్లెలు దొరికారు. అతను అన్న అయ్యాడు. అన్న అయ్యాడన్న మాటే గానీ ఆ ఇద్దరూ లెక్కచేస్తేనా! ముగ్గురూ కలిసి తిట్టుకోవడం, ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోవడం, శిక్ష పడితే ముగ్గురికీ కలిపి పడటం. షోకి కొత్త నెత్తురు ఎక్కింది. అంతవరకూ ఒంటరి ఆడపిల్లగా ఉన్న జిహ్యోకి చెల్లెలు వచ్చింది. వాళ్ళిద్దరికీ కలిపి అక్కాచెల్లెళ్ళని ఒక ముద్దుపేరు కూడా పెట్టారు. సోమిన్ వచ్చాక జిహ్యో నవ్వే నవ్వు మారింది. 2016 ఎపిసోడ్ ఒకటి, 2018 ఎపిసోడ్ ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

సోమిన్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే చూసేవాళ్ళు ఆమె పట్ల న్యాయంగా లేరు. ప్రేమకథల్లో నాయికగా వేసే అమ్మాయి ఇక్కడికొచ్చి తన పరువు గురించి ఆలోచించకుండా ఆడింది. బురదలో పడింది, అరిచింది, పిచ్చి డాన్సులు చేసింది. అయినా కొందరు ఆరేళ్ళపాటు ఆమెను పాతవాళ్ళతో తూచుతూనే ఉన్నారు. ఆమె ఖాతాల కింద రాసిన చెడ్డమాటలు కొరియా వార్తల్లో కూడా వచ్చాయి. కొత్త కోడలు ఏం చేసినా పాత కోడలు ఇలా చేసేది కాదంటారే, అదే ధోరణి. 2023 నవంబరులో ఆమె వెళ్ళిపోయింది, నటన మీద దృష్టి పెడతానని. వీడ్కోలు చెబుతూ ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆమె ఉన్నప్పుడు ఆమెను తిట్టినవాళ్ళలో కొందరు ఇప్పుడు సోమిన్ ఉంటే ఎంత బాగుండేదో అని రాస్తున్నారు. చదివితే కడుపు మండుతుంది.

దానికి ముందే క్వాంగ్‌సూ వెళ్ళాడు. 2020 ఫిబ్రవరిలో జరిగిన ప్రమాదంలో కాలి చీలమండ దెబ్బతింది. కొన్నాళ్ళు కర్రలతో వచ్చాడు, చికిత్స చేయించుకుంటూనే ఆడాడు. చివరికి శరీరం సహకరించక 2021 జూన్ 13న ప్రసారమైన 559వ ఎపిసోడ్‌తో సెలవు తీసుకున్నాడు. పదకొండేళ్ళు.

ఎవరైనా ఈ షోలో ఒక్క ఎపిసోడ్ చూస్తానంటే నేను ఇదే చూడమంటాను. పదకొండేళ్ళలో క్వాంగ్‌సూ చేసిన మోసాలు, కొట్లాటలు, పాడుచేసిన వస్తువులు, అన్నీ నేరాలుగా లెక్కపెట్టి, కోర్టు తీర్పు లాగా వందల ఏళ్ళ శిక్ష వేశారు. రోజంతా మిగిలినవాళ్ళు ఆటలాడి ఆ శిక్ష తగ్గించాలి. గమనించారా, ఏడిపించడానికి పాత ఫొటోలు వేసి విషాదం పాట పెట్టడం ఎవరికైనా వచ్చు. వీళ్ళు అతని అల్లరినే కొలిచి, అదే అతని సేవ అన్నట్టు చూపించారు. జాంగ్‌కుక్ ఆ రోజు కూడా అతన్ని బెదిరిస్తూనే ఉన్నాడు. బెదిరిస్తూనే, మళ్ళీ మళ్ళీ తలతిప్పి చూస్తున్నాడు. నేను ఆ ఎపిసోడ్ నాలుగుసార్లు చూశాను.

తర్వాత చేసిన పని నాకు ఇంకా నచ్చింది. అతని చోట్లోకి ఎవరినీ తేలేదు. ఉన్న ఏడుగురే సర్దుకున్నారు. సోమిన్ వెళ్ళాక కూడా వెంటనే ఎవరినీ కూర్చోబెట్టలేదు. చోటు ఖాళీగా ఉంచితే ఉన్నవాళ్ళే మెల్లగా అటు జరుగుతారు. క్వాంగ్‌సూ ఉన్నన్నాళ్ళూ అతని జంటగా, ముందుగా అవుటయ్యేవాడిగా ఉన్న సుక్‌జిన్, అందరిలోకీ పెద్దవాడు, ఆ తర్వాత షోకి నడిమధ్యకి వచ్చాడు. ఇప్పుడు అందరూ ఆటపట్టించేది ఆయన్నే. జాంగ్‌కుక్ కోపానికి సేచాన్ దొరికాడు. యాభై దాటిన మనిషికి ఇలాంటి రెండో వసంతం రావడం, ఎవరో ఒకరిని హడావుడిగా తెచ్చిపెట్టి ఉంటే జరిగేది కాదు.

మిగతా కొరియన్ షోలతో పోల్చితే ఇది తెలుస్తుంది. ఇన్ఫినిట్ ఛాలెంజ్ 2018 మార్చిలో ఆగిపోయింది. 2 డేస్ 1 నైట్ సీజన్ మార్చినప్పుడల్లా మనుషుల్నీ మారుస్తూ బతుకుతోంది. రన్నింగ్ మ్యాన్‌కి సీజన్లు లేవు. మొదటి ఎపిసోడ్‌లో ఉన్న జేసుక్, సుక్‌జిన్, జాంగ్‌కుక్, హాహా ఇంకా ఉన్నారు.

2024లో కొత్త పద్ధతి పెట్టారు, అద్దె సభ్యులని. నటుడు కాంగ్ హూన్ అలా వచ్చి కొన్ని నెలలుండి వెళ్ళాడు. ఆ పేరు నాకు మొదట్లో నచ్చలేదు, మనిషిని అద్దెకి తేవడమేమిటని. చూడగా చూడగా అందులో ఒక మంచితనం కనపడింది. వచ్చినవాళ్ళ మీద బరువుండదు, చూసేవాళ్ళు మొదటి వారమే తూకం రాళ్ళు తీయరు. నటి జీ యేయున్ కూడా అలాగే వచ్చి, నిలదొక్కుకుంది. సోమిన్‌కి ఈ వెసులుబాటు దొరకలేదు.

లోపాలు లేవనను. పేరు చీటీలు లాగే ఆట ఇప్పుడు ఎప్పుడో గానీ రాదు. వయసు పైబడింది, పరుగు తగ్గింది. తిండి, కబుర్లు, చీటీలు తీయడం ఎక్కువైంది. గంటన్నర ఎపిసోడ్‌లో ఇరవై నిమిషాలు ఎవరు భోజనం డబ్బులు కట్టాలన్న దాని మీదే నడుస్తుంది. కొత్తవాళ్ళు ఇక్కడ మొదలుపెడితే ఏముంది ఇందులో అంటారు. 2011 నుంచి 2013 దాకా చూసి, 2014, 15 కొంచెం తొందరగా దాటేసి, 2017 ఏప్రిల్ నుంచి మళ్ళీ వరసగా చూడండి. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ తగ్గించింది 2016 డిసెంబరుకి.

అక్కడ ఆదివారం వస్తుంది. నేను సోమవారం రాత్రి షట్టర్ దించాక చూస్తాను, మా తమ్ముడు పుణెలో తన గదిలో చూస్తాడు. మొన్న వాడు మెసేజ్ పెట్టాడు: ‘అక్కా, యేయున్ నిలబడ్డ చోటు సోమిన్‌ది కదూ?’ కాదురా, సోమిన్ అటు చివర నిలబడేది అన్నాను. వాడు ఒప్పుకోలేదు. ఉండు, పాత ఎపిసోడ్ తీసి చూపిస్తానని, పెళ్ళికార్డు ప్రూఫ్ పక్కన పెట్టి వెతకడం మొదలుపెట్టాను.