ట్యాగ్ పేర్లకి రూల్ పెట్టాలంటే ఏది మేలు: ఎక్స్‌ఎస్‌డి, రిలాక్స్ ఎన్‌జి, స్కీమాట్రాన్?

ఈ మూడూ ఎక్స్‌ఎమ్‌ఎల్ (ట్యాగుల మధ్య డేటా పెట్టే ఫార్మాట్) ఫైలు ఎలా ఉండాలో రూల్స్ రాసి పరీక్షించే స్కీమా భాషలు. నాకు ఒక సర్వే డేటా ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో వస్తుందండి, అందులో ఒక్కో ప్రశ్నకి ఒక్కో ట్యాగ్: క్యూ1, క్యూ2, అలా క్యూ140 దాకా, ఇంకో సర్వే అయితే 200 కూడా దాటొచ్చు. క్యూ తర్వాత అంకెలు ఉంటేనే ఒప్పుకోవాలి, క్యూఏబి లాంటిది వస్తే ఆపెయ్యాలి.

అసలు ఫార్మాట్ మీ చేతిలో ఉంటే ఇక్కడే ఆగండి, ట్యాగ్ పేరు ఒకటే పెట్టి నంబర్‌ని యాట్రిబ్యూట్‌లోకి తెచ్చెయ్యండి, ఏ స్కీమా అయినా సుఖంగా చూసుకుంటుంది. నాది వేరేవాళ్ళు పంపే ఫైలు, మార్చమంటే మార్చరు.

2001 నాటి ఎక్స్‌ఎస్‌డి 1.0లో ప్యాటర్న్ (అక్షరాల నమూనా) అనేది విలువలకే గానీ పేర్లకి పెట్టలేం. అయితే 200 పేర్లూ కూర్చుని రాయాలి, లేదంటే 'ఎనీ' (ఏ ట్యాగైనా సరే) పెట్టి వదిలెయ్యాలి, ఆ 'ఎనీ' నేమ్‌స్పేస్ (ట్యాగ్ పేరు ఏ గుంపుకి చెందిందో) చూస్తుంది తప్ప పేరు చూడదు. పైగా దాని ముందు అదే నేమ్‌స్పేస్‌లో ఆప్షనల్ ఎలిమెంట్ ఉందనుకోండి, వచ్చిన ట్యాగ్ రెండిట్లో దేనికి చెందుతుందో తేలదని స్కీమానే చెల్లదంటుంది, నాకు ఒక సాయంత్రం దీంతోనే పోయింది. 2012లో వచ్చిన 1.1లో 'అసర్ట్' ఉంది, పేరెంట్ టైప్ మీద పెట్టి పిల్ల ట్యాగుల పేర్లన్నీ రెగెక్స్‌తో (అక్షరాల నమూనా రాసే పద్ధతి) చూడొచ్చు. జావాలో స్కీమాతో ఫైలుని పరీక్షించే జెర్సిస్ గానీ సాక్సన్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ గానీ ఉంటే పర్లేదు, కానీ డాట్‌నెట్‌తో వచ్చేదీ, పైథాన్‌లో అందరూ వాడే ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ లైబ్రరీదీ 1.0 మాత్రమే.

రిలాక్స్ ఎన్‌జి అంటే నాకు చాలా ఇష్టం. జేమ్స్ క్లార్క్, మురాటా మకోటో చేసింది, 'టైటిల్, నోట్ తప్ప ఇంకే పేరైనా రావచ్చు' అన్నది ఒక్క లైన్లో అయిపోతుంది, ఆ ఎవరిదో తేలని గొడవ కూడా లేదు. ఫలానా పేర్లు రాకూడదు అన్నదే మీ అవసరమైతే కళ్ళు మూసుకుని ఇదే తీసుకోండి. కాకపోతే పేరు మీద రెగెక్స్ ఇందులోనూ లేదు.

అందుకే నా పనికి రిక్ జెలిఫ్ గారి స్కీమాట్రానే మేలనిపించింది. పేరుని మామూలు స్ట్రింగ్‌లా ఎక్స్‌పాత్‌తో (ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోని భాగాల్ని ఎంచి చూసే భాష) పరీక్షిస్తుంది, ఎర్రర్ మెసేజ్ మన మాటల్లో, కావాలంటే తెలుగులోనే రాసుకోవచ్చు, డేటా పంపేవాళ్ళకి అదెంత సాయమో. ట్యాగుల వరస, లోపలి అమరిక అన్నీ దీంతోనే రాయాలంటే మాత్రం ప్రాణం విసుగొస్తుంది, అందుకని ఆ భాగం ఎక్స్‌ఎస్‌డికి ఇచ్చి పేర్ల రూల్ ఒక్కటీ ఇక్కడ పెట్టా.

ఒక్క జాగ్రత్త, ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఉన్న స్కీమాట్రాన్ ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 1 (ఎక్స్‌ఎమ్‌ఎల్‌ని వేరే రూపంలోకి మార్చే భాష మొదటి వెర్షన్) మీద నడుస్తుంది, రెగెక్స్ చూసే 'మ్యాచెస్' ఫంక్షన్ అందులో ఉండదు. అప్పుడు పేరు క్యూతో మొదలైందో లేదో చూసి, మిగిలిన భాగంలో అంకెలన్నీ 'ట్రాన్స్‌లేట్'తో చెరిపేస్తే ఏమీ మిగలకూడదు అని రాయండి, దాంతోపాటే పేరు పొడుగు ఒకటి కంటే ఎక్కువుండాలని కూడా రాయాలి, లేకపోతే ఉత్త క్యూ అన్న ట్యాగ్ కూడా పాసైపోతుంది.