పెట్టె మీద 1000 వాట్లు అని చూసి క్యాంపింగ్ పవర్ స్టేషన్ కొనకండి

లంబసింగికో, వంజంగికో టెంట్ పట్టుకుని వెళ్దామనుకుంటున్న వైజాగ్ వాళ్లందరూ కొనేముందు దయచేసి ఇది చదవండి. పవర్ స్టేషన్ అంటే ప్లగ్ పెట్టి వాడుకునే పెద్ద బ్యాటరీ బాక్స్. దానికి నేను రూ.18,000 పోసి మోసపోయాను.

జగదాంబ వైపు ఒక షాపులో తీసుకున్నాను. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో 1000 వాట్లు, 80,000 ఎంఏహెచ్ అని ఉంది. ఇండక్షన్ స్టవ్ నడుస్తుందా అని రెండుసార్లు అడిగాను. "భేషుగ్గా నడుస్తుంది సార్, అన్నం, కూర రెండూ వండేసుకోండి" అన్నాడు షాపాయన. ఆ మాట నమ్మి గ్యాస్ పట్టుకెళ్లలేదు.

లంబసింగిలో చీకటి పడ్డాక బియ్యం కడిగి, గిన్నె పెట్టి స్టవ్ ఆన్ చేశాను. లోపలి ఫ్యాన్ గిర్రున ఒక్కసారి తిరిగింది. కీచుమని శబ్దం, ఎర్ర లైటు, అంతే, ఆగిపోయింది. వేడి తగ్గించి పెట్టినా అదే వరస. పక్కన మా చిన్నది ఆకలేస్తోందని ఏడుపు. మా బావమరిది ఫోన్ టార్చ్ వేసి బాక్స్ తిరగేస్తే, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది అసలు సంగతి: 296 వాట్ అవర్స్ (అంటే మొత్తం నిల్వ), అవుట్‌పుట్ 300 వాట్లు (అంటే ఆగకుండా ఇవ్వగలిగేది), పీక్ 1000. పీక్ అంటే క్షణకాలం తట్టుకునే లోడు. దాని మీద వంట జరగదు.

ఎంఏహెచ్ అంకె చూసి మురిసిపోకండి. లోపలి సెల్ వోల్టేజీ 3.7. 80,000ని దాంతో గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చేది 296 వాట్ అవర్సే. 1200 వాట్ల స్టవ్‌ని ఆ బాక్స్ మోయగలిగినా పావుగంట కూడా రాదు. అదే 5 వాట్ల ఎల్ఈడీ లైటుకైతే మూడు నాలుగు రాత్రులు హాయిగా సరిపోతుంది. లైటుకీ ఫోన్ ఛార్జింగ్‌కీ కొనుక్కోండి, వంటకి మాత్రం గ్యాసే.

గ్యాస్‌లోనూ ఒక మెలిక ఉంది. చిన్న క్యాన్లలో చాలావాటిలో ఉండేది బ్యూటేన్. చలికాలం తెల్లవారుజామున లంబసింగిలో చలి సున్నా దగ్గరికి దిగినప్పుడు అది సరిగా ఆవిరి కాదు, మంట నీరసంగా వస్తుంది. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసిన క్యాన్ అడిగి తీసుకోండి. మంట రావట్లేదని క్యాన్‌ని వేడి చేయొద్దు.

ఆ రాత్రి నన్ను ఎక్కువ భయపెట్టింది వేరే. చలికి తట్టుకోలేక మావాళ్లు బొగ్గుల కుంపటి టెంట్‌లోకి తెద్దామన్నారు. నేను గట్టిగా వద్దన్నాను. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీసేస్తుంది. జిప్ కాస్త తెరిచి ఉంచితే చాలనుకోవద్దు. గ్యాస్ స్టవ్ అయినా టెంట్ బయటే వెలిగించండి. చివరికి పక్క టెంట్ వాళ్లు పిల్లలకి ఉప్మా చేసి పెట్టారు, వాళ్లకి ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

తిరిగొచ్చి షాపుకెళ్తే "సీల్ తీసేశారు, వాపసు కుదరదు" అన్నారు. బిల్లు, అట్టపెట్టె, అడుగున ఉన్న స్టిక్కర్ ఫొటోలు తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. మీలో ఎవరైనా ఇలాంటిదే కొని ఉంటే అట్టపెట్టె పారేయకండి, దాని మీద ఉన్న ఆ 1000 అంకే మన ఆధారం.